గోడమీద వ్రాతను చదువగలవారెవరు?

ఆరాధనలో తెరను వాడుటను గూర్చిన పాఠము
చదువవలసిన భాగములు: దానియేలు 5:1-17; నెహెమ్యా 8:1-8; 1 కొరింథీయులకు 14:13-19



బెల్షస్సరు విందుశాలలో గోడమీద వ్రాత కనబడిన సంగతి మనకందరికీ తెలిసినదే. దీపస్తంభమునకు ఎదురుగా, వెలుగు బాగుగా పడుచున్న చోటనే ఆ చేయి వ్రాసినది. రాజు చూచెను. అధిపతులు చూచిరి. తరువాత బబులోను జ్ఞానులందరు వచ్చి చూచిరి. కనబడలేదని ఒక్కరును అనలేదు; చదువుటయే ఎవరికిని చేతకాలేదు. సండేస్కూలులో ఈ కథ చెప్పునప్పుడు రాజు మోకాళ్లు వణికిన సంగతి చెప్పి, పిల్లలను నవ్వించి దాటిపోదుము. ఇప్పుడు మన సంఘములలో ప్రతి ఆదివారము గోడమీద వ్రాత కనబడుచున్నది గనుక ఆ చోట కొంచెము ఆగవలసి వచ్చినది.

గత వేసవిలో మేము రాష్ట్రము వెలుపలనున్న మన సంఘములలో ఒకదానికి వెళ్లితిమి. ఆరాధన చక్కగా జరుగుచున్నది. ముందుగోడమీద కీర్తన ఇంగ్లీషు అక్షరములలో పడుచున్నది, యవ్వనస్థులు గట్టిగా పాడుచున్నారు. రెండవ చరణములో కరెంటు పోయినది. గోడ నల్లబడినది. కుడిప్రక్కనున్న యవ్వనస్థుల గొంతులన్నియు ఒక్కసారిగా ఆగిపోయినవి. ఎడమప్రక్క చాపలమీద కూర్చున్న అయిదారుగురు పెద్ద తల్లులు మాత్రము ఆగలేదు. మూడవ చరణము, నాల్గవ చరణము పాడి, పల్లవి రెండుసార్లు త్రిప్పి అప్పుడు ముగించిరి. తబలా వాయించు సహోదరుడు వారి వెంట వెళ్లెను. మిగిలిన సంఘమంతయు విన్నది.

ఆరాధన అయిన తరువాత తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక అబ్బాయిని, "ఏమి బాబూ, పాట మధ్యలో మానేసినావు?" అని అడిగితిమి. "తెలుగు మాట్లాడతానండీ, చదవడం రాదు. గోడమీద ఇంగ్లీషులో ఉంటే పాడతాను" అన్నాడు. అబద్ధము చెప్పలేదు, సిగ్గుపడనూ లేదు. బడిలో వాడికి తెలుగు లేదు. వాడి అమ్మమ్మను అడిగితిమి. "నాకు ఆ గోడ సంగతి తెలియదయ్యా. మా అమ్మ పాడింది, నేను పాడుతున్నాను. గోడమీద రెండు చరణాలే వేస్తారంట. నేను మూడోది ఎత్తుకునేసరికి వీళ్లు ఇంకో పాటలో ఉంటారు" అన్నది.

ఒకే ఇంటివారు ఇద్దరు. ఆ గోడ మనుమడికి నోరు ఇచ్చినది, అమ్మమ్మ నోటిలోని రెండు చరణములు తీసివేసినది. ఈ పాఠములో మనము ఆలోచించవలసినది ఇదే. తెర మంచిదా చెడ్డదా అని వాదించుటకు పూనుకొనలేదు.

తెర మనకు క్రొత్తదియు కాదు. మిషనెరీల కాలములో మేజిక్ లాంతరు పెట్టి, తెల్లని గుడ్డమీద క్రీస్తు జీవిత చిత్రములు చూపుచు పల్లెలలో ప్రసంగించిరి. సండేస్కూలులో ఫ్లానల్ గుడ్డమీద బొమ్మలు అంటించి మనకు పాఠములు చెప్పిరి. 1978లో వచ్చిన కరుణామయుడు చిత్రమును చిన్న ప్రొజెక్టరుతో ఊరూర చూపినప్పుడు తెరకు వెనుకవైపు కూర్చొని చూచినవారు ఇప్పటికిని మనలో ఉన్నారు. వెనుకనుండి చూచిన వానికి కుడి ఎడమైనను కథ తప్పిపోలేదు. బొమ్మకు చదువు అక్కరలేదు గదా. పాటకు, వాక్యమునకు అట్లు కాదు. తరువాత సంఘములలోనికి ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు వచ్చినది, దాని వెనుక కంప్యూటరు ప్రొజెక్టరు, ఇప్పుడు కొన్నిచోట్ల ఎల్.ఇ.డి. తెర. 2020 లాక్‌డౌన్ నెలలలో ఆరాధన ఫోను తెరమీదికే వచ్చినది. బొమ్మలు చూపుటకు వచ్చిన తెర ఈ మార్పులలో కీర్తనల పుస్తకము స్థానములో కూర్చున్నది. మనము గమనించక మునుపే ఇది జరిగిపోయినది.

ఇప్పుడు నెహెమ్యా ఎనిమిదవ అధ్యాయము తెరవండి. చెరనుండి తిరిగి వచ్చిన జనులు నీటి గుమ్మము ఎదుటి వీధిలో కూడుకొనిరి. ఎజ్రా నిలువబడుటకు కొయ్యతో ఎత్తైన పీఠము చేసిరి. అయిదవ వచనము జాగ్రత్తగా చూడండి: ఆయన అందరికంటె ఎత్తుగా నిలిచి, అందరు చూచుచుండగా గ్రంథమును విప్పెను. జనులకు కనబడవలెనని ఆ కాలమున చేసిన ఏర్పాటు అది. పీఠము చేయించుట లోకానుసారమని ఎవరును అనలేదు. అయితే కథ అక్కడ ఆగలేదు. ఏడు ఎనిమిది వచనములలో లేవీయులు జనుల మధ్యకు వెళ్లి, చదువబడిన దానిని స్పష్టముగా వివరించి, అర్థమగునట్లు చేసిరి. చెరలో పుట్టి పెరిగిన తరమువారికి లేఖనముల భాష అంత సులువుగా అందియుండదని వ్యాఖ్యానకర్తలు చాలమంది తలంచుదురు. పీఠము ఒక్కరోజు పని. లేవీయుల పని ప్రతి మనిషి దగ్గరకు నడిచి వెళ్లు పని. మన సంఘములు చాలవరకు పీఠము కొన్నవి, లేవీయులను ఏర్పరచలేదు.

అదే గ్రంథములో పదమూడవ అధ్యాయము 24వ వచనము మనవంటి వలసవచ్చిన వారికి గుచ్చుకొనును. అక్కడి పిల్లలలో సగముమంది అష్డోదు భాష మాట్లాడుచుండిరి, యూదుల భాష వారికి రాదు. అక్కడి వ్యవహారము అన్యస్త్రీలతో వివాహములను గూర్చినది, మన సంగతి అది కాదు. పొరుగు రాష్ట్రపు భాషను మన పిల్లలు నేర్చుకొనుట తప్పు కానేకాదు, అది వారి అన్నము. అయినను ఒక్కమాట. తరువాతి వచనములో నెహెమ్యా కొట్టినది పిల్లలను కాదు, తండ్రులను. ఇంట్లో తెలుగు అక్షరములు నేర్పక, సంఘములో పిల్లవాడిని విసుగుకొను మనము ఆ వచనమును మెల్లగా చదువుకొనుట మంచిది.

ఇక అక్షరముల సంగతికి వత్తుము. చదువరానివారి కొరకు వేరే లిపిలో వేయుట దయగల పనియే. కాని లిపి మారినప్పుడు మాట కూడ మారునని మనవారు గమనించుట లేదు. తమిళ లిపిలో ప-బ లకు ఒకే అక్షరము, త-ద-ధ లకు ఒకే అక్షరము. పాద, బాధ, పాత అను మూడును ఒకే తీరున వ్రాయబడును. ప్రభువు పాదములను పట్టుకొనవలసిన పిల్లవాడు బాధలను పట్టుకొనును. సంస్కృత శ్లోకములను తమిళ లిపిలో అచ్చువేయువారు ఈ చిక్కు తెలిసియే అక్షరము మీద 2, 3, 4 అను అంకెలు వేయుదురు, మనమును వేయవచ్చును. ఒడియాలో ఎ-ఏ లకు గాని ఒ-ఓ లకు గాని వేరువేరు అక్షరములు లేవు, 'వ' తరచుగా 'బ' అగును. 'దేవా' అని పిలువవలసినది 'దేబా' అగును. మరాఠీ వ్రాతలోను ఎ-ఏ ల తేడా కనబడదు గనుక పెంతెకొస్తు ఆదివారమున మేడగది కాస్తా మెడగది అయినది. మేము విన్నాము, నవ్వు ఆపుకొన్నాము. ఇంగ్లీషులో కె-ఎ-ఎల్-ఎ అని వేసినయెడల కల, కళ, కాల మూడును అదే. తెలుగు వచ్చినవాడు ఊహించుకొనును, రానివాడు తప్పుగా నేర్చుకొనును. అపొస్తలుడైన పౌలు ఆత్మతోను మనస్సుతోను పాడుదునని కొరింథీయులకు వ్రాసినప్పుడు, మనస్సునకు అందని పాట ఎదుటివానికి క్షేమాభివృద్ధి కలిగించదనియే గదా ఆయన భావము.

కర్ణాటకలోని మనవారికి ఈ చిక్కు చాల తక్కువ. కన్నడ, తెలుగు లిపులు ఒకే తల్లి బిడ్డలు. తెలుగు శబ్దములన్నియు కన్నడ అక్షరములలో చక్కగా నిలుచును. కన్నడము చదువు పిల్లవానికి తలకట్టు తేడా, కొన్ని అక్షరముల తేడా చూపించినయెడల కొద్ది వారములలో తెలుగు పట్టుకొనును. అంత దగ్గర నుండి కూడ ఇంగ్లీషు అక్షరములకు పోవుచున్న సంఘములను చూచి మేము ఆశ్చర్యపడుచున్నాము. యానాములో తెలుగే ప్రజల భాష గనుక అక్కడి సహోదరులకు ఈ భాగము అక్కరలేదు, ముందుకు సాగవచ్చును.

మా సలహా ఇది. తెలుగు లిపి ఎప్పుడును పైన, పెద్దదిగా ఉండవలెను. దాని క్రిందనే అదే పంక్తి పిల్లలకు తెలిసిన లిపిలో, కొంచెము చిన్నదిగా. ఒక్కసారి గోడమీద రెండు పంక్తుల తెలుగు, రెండు పంక్తుల రెండవ లిపి, అంతకు మించవద్దు. పాట ముందే నోటికి వచ్చిన పిల్లవాని కన్ను క్రింది పంక్తినుండి పై పంక్తికి దానంతట అదే పోవును. బాగా తెలిసిన కీర్తనలకు ఆరు నెలల తరువాత పల్లవి క్రింది రెండవ లిపిని తీసివేసి చూడండి. చరణములు మాత్రము అన్నియు వేయండి. అమ్మమ్మలు పాడుచున్న చరణమును కోసివేయు అధికారము లాప్‌టాప్ దగ్గర కూర్చున్నవానికి ఎవరును ఇయ్యలేదు.

తెలుగు అక్షరమునకు పైన గుడి, కొమ్ము, క్రింద ఒత్తు ఉండును. ఇంగ్లీషుకు సరిపోయిన పంక్తుల ఎడము తెలుగునకు సరిపోదు. పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడికి తగులును, లేదా ఒత్తు తెగిపోవును. అక్షరమునకు నీడలు, మెరుపులు పెట్టినయెడల సున్నలు పూడిపోవును. పది అడుగుల దూరమునకు ఒక అంగుళము ఎత్తు అక్షరము అను లెక్క మేము పాటించుచున్నాము. ముప్పది అడుగుల హాలులో వెనుక వరుసకు మూడు అంగుళములు. ఒత్తును ఆ లెక్కలో కలుపవద్దు. పగటి వెలుగు వచ్చు హాలులో తెల్లని నేలమీద నల్లని అక్షరములే బాగుగా కనబడును. వెనుక జలపాతములు, కదులు మేఘములు దేనికి? హబక్కూకు 2:2లో ప్రవక్తకు దొరికిన ఆజ్ఞ స్పష్టముగా వ్రాయుమనియే. పాత అను ఫాంటులలో టైపు చేసిన కీర్తనలు వేరొక కంప్యూటరులో తెరిచినప్పుడు పిచ్చి గీతలు అగుట చాలమందికి అనుభవమే. యూనికోడ్ తెలుగులో ఒక్కసారి టైపు చేసి ఉంచుకొన్నయెడల ఏ యంత్రములోనైనను తెరచుకొనును. పాటల జాబితా శనివారము సాయంకాలమునకే ఆ పిల్లవానికి అందవలెను. ఆదివారము పాటల మధ్యలో వానిని చూచి కనుబొమ్మలు ఎగురవేయుట మానుదము.

బొమ్మలను గూర్చి క్లుప్తముగా. పౌలు ప్రయాణముల పటము, దేవాలయపు నమూనా చూపి బోధించుట మంచిదే. పాట వెనుక ప్రభువు ముఖమని ఎవరో గీసిన చిత్రమును వారము వారము నిలిపియుంచుట వేరు. మోషే ఎత్తిన ఇత్తడి సర్పము దేవుని ఆజ్ఞచొప్పుననే చేయబడినది. తరువాతి తరములు దానికి ధూపము వేసిరి గనుక హిజ్కియా దానిని పగులగొట్టవలసి వచ్చెను (2 రాజులు 18:4). పాడువారి ముఖములను పెద్దవిగా చూపుటయు మాకు ఇష్టము లేదు. కానుక ఇచ్చినవారి పేర్లు, మొత్తములు తెరమీద వేయుచున్న సంఘములు మత్తయి 6:3 చదువవలెను. అంతకు మించి మేము వ్రాయము. చట్టము సంగతి కొందరు అడిగిరి. 1957 కాపీరైటు చట్టము 52వ సెక్షను నిజమైన మతాచార సందర్భములో పాటలు పాడుటకు మినహాయింపు ఇచ్చుచున్నది గాని, ఆ మినహాయింపులో సినిమా చిత్రముల మాట లేదు. ప్రసంగము మధ్య సినిమా ముక్కలు చూపువారు గమనించవలెను.

ఒక సంగతి మరువరాదు. మన కీర్తనకారులలో పెద్దవాడైన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున, తెలుగు ఒడియాలు కలిసి వినబడు చోట పుట్టెను. ఆయనది వంగదేశమునుండి వచ్చిన కుటుంబము. ఇంటి మూలభాష తెలుగు కానివాడు తెలుగు నేర్చి మనకు కీర్తనలు ఇచ్చెను. సరిహద్దున పుట్టిన పిల్లవానికి ఈ అక్షరములు రావని ముందే తీర్మానించుకొనుటకు మనకు ఆధారము లేదు.

కాబట్టి సండేస్కూలులో పదిహేను నిమిషములు అక్షరములకు కేటాయించండి. నేర్పుటకు పంతులు దొరకనియెడల స్త్రీల సమాజములో చదువ వచ్చిన తల్లులున్నారు. చదువరాని అమ్మమ్మలును అక్కడ కూర్చుండవలెను, ఎందుకనగా పాట వారియొద్ద ఉన్నది. నెలకు ఒక ఆదివారము తెర లేకుండ, పుస్తకములతోనే పాడండి. కరెంటు పోవువరకు ఆగనక్కరలేదు.

గుంపులుగా కూర్చొని మాటలాడుకొనుటకు: మన సంఘములో ఇరువది ఏండ్లలోపు వారిలో తెలుగు కీర్తన చదువగలవారు ఎందరు? పేరు పేరున లెక్కించండి. వచ్చే ఆదివారము కమిటీవారు ముందు వరుస విడిచి వెనుక వరుసలో కూర్చొని గోడను చదివి చూచెదరా? మన ఇంటిలోని పెద్దలకు వచ్చిన కీర్తనలలో పుస్తకములో లేని చరణములు ఏవైన ఉన్నవా? ఉన్నయెడల ఈ వారమే వ్రాసికొనండి, ఎవరు పాడగా వ్రాసితిరో ఆ పేరును క్రింద వ్రాయండి.