ముందు ఆ ఫోల్డర్ డిలీట్ చెయ్యకు

బుజ్జీ,

నీ మెసేజీ రాత్రి డ్యూటీ దిగాక చూశాను. ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ ఎర్రగా అయిపోయిందనీ, వర్చువల్ మెషిన్‌లో కాలీ లినక్స్ మధ్యమధ్యలో ఆగిపోతోందనీ, సోమవారం కాలేజీలో ల్యాబ్ ఉందనీ, మాఘంలో చేసిన ఆలమూరు పెళ్ళి ఫుటేజీ తీసేస్తే ఒక్కసారే రెండొందల జీబీ ఖాళీ అవుతుందనీ రాశావు. ఆ ఫోల్డర్ జోలికి వెళ్ళకు. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక కూడా వెళ్ళకు. నీ డిస్క్‌లో తీసెయ్యదగ్గవి వేరే చాలా ఉన్నాయి. ఏది ముందో, ఏది తర్వాతో వివరంగా రాస్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

పెళ్ళివాళ్ళకి పెన్ డ్రైవ్ ఇచ్చేశాం కదా అత్తా అన్నావు. వాళ్ళకి ఇచ్చింది నువ్వు మిక్సింగ్ చేసిన రెండు గంటల వీడియో. కెమెరా కార్డుల్లోంచి దింపినదాంట్లో, అందులోకి రానిది ఎంతో ఉంటుంది. అప్పగింతలప్పుడు వెనకాల స్తంభానికి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్న తాతగారు, భోజనాల దగ్గర ఎవరినో పేరుపెట్టి పిలుస్తున్న పెద్దావిడ గొంతు, ఇలాంటివి పాటకి కుదరవు కాబట్టి కత్తిరించేస్తావు. అది నీ పనిలో తప్పు కాదు. కానీ ఆ తాతగారు పోయిన రోజున ఆ ఇంటివాళ్ళు నువ్వు పనిచేసే వీడియో స్టూడియోకే వస్తారు, "బాబూ, మా నాన్న ఎక్కడైనా నాలుగు మాటలు మాట్లాడింది ఉందా" అని. అప్పుడు లేదని చెప్పడం ఎంత కష్టమో ఊహించుకో.

నేను హైదరాబాద్‌లో ఇన్నేళ్ళుగా డేటా స్టోరేజీ పనే చేస్తున్నాను. ఎన్ని వందల టెరాబైట్లు ఉన్న చోటైనా, ఏదైనా తీసేసే ముందు మేం వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఇది పోతే మళ్ళీ తయారు చేసుకోగలమా? సైజు ఎంతన్నది ఆ తర్వాతి సంగతి. నువ్వు సైజు చూసి పెద్దది తీసేద్దామనుకున్నావు. ఆ ఫుటేజీ పోతే మళ్ళీ ఆ పెళ్ళి చెయ్యలేం. కాలీ పోతే గంటలో మళ్ళీ వేసుకోవచ్చు. నువ్వు ఎడిటింగ్‌కి వాడే ప్రీమియర్ దాచుకున్న క్యాష్ పోతే ప్రీమియరే మళ్ళీ తయారు చేసుకుంటుంది. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా నీకే అర్థమవుతుంది.

పోతే మళ్ళీ రానివి ఎలా ఉంటాయో చూడు. మన తెలుగువాళ్ళ తొలి మూకీ భీష్మ ప్రతిజ్ఞ, రఘుపతి వెంకయ్య నాయుడు గారు, వాళ్ళబ్బాయి ప్రకాష్ గారు 1921లో తీశారు. తొలి టాకీ భక్త ప్రహ్లాద, హెచ్.ఎం. రెడ్డి గారిది, 1932లో వచ్చింది. ఈ రెండూ ఇవాళ చూద్దామంటే లేవు. వాటి గురించి రాసినవి చదువుకోవడమే మిగిలింది. అంత పేరున్న సినిమాలకే కాపీ నిలవలేదంటే, ఆలమూరులో ఒక ఇంటి పెళ్ళిని ఎవరు దాచిపెడతారు? నువ్వే దాచాలి, ఇంకెవరి దగ్గరా అది లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. నీది 512 జీబీ డిస్క్ అని పెట్టె మీద రాసి ఉంటుంది, విండోస్‌లో 476 అని కనిపిస్తుంది. అమ్మేవాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది, మోసమేమీ లేదు. అందులో విండోస్, నీ సాఫ్ట్‌వేర్లు కలిపి వంద దాకా తింటాయి. స్టూడియోవాళ్ళ కెమెరా 4కేలో సెకనుకి 100 మెగాబిట్లు రాస్తోందనుకో, గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు, ఒక్కొక్కటీ నాలుగు గంటలు తిరిగితే 360 జీబీ. అంటే నువ్వు ఎంత పొదుపు చేసినా, వర్చువల్ మెషిన్లు మొత్తం తీసేసినా, ఒక్క నిండు పెళ్ళి కూడా నీ ల్యాప్‌టాప్‌లో సుఖంగా పట్టదు. ఇది ఖాళీ చేసుకుంటే తీరే ఇబ్బంది కాదు, ఏ సరుకు ఎక్కడ ఉండాలన్న పద్ధతి మార్చుకుంటే తీరేది.

మన రైస్ మిల్లుల దగ్గర చిన్నప్పటి నుంచీ చూస్తున్నావుగా. ధాన్యం కళ్లంలో ఆరబోస్తారు, ఆరగానే గోడౌనుకి ఎత్తేస్తారు. కళ్లంలోనే నిలవ పెట్టుకుంటే వెనక వచ్చే ట్రాక్టరు ఎక్కడ దించాలి? నీ ల్యాప్‌టాప్ లోపలి ఎస్ఎస్‌డీ ఆ కళ్లం లాంటిది. ఈ వారం నువ్వు పనిచేస్తున్నది మాత్రమే అక్కడ ఉండాలి.

ఇవాళే చెయ్యాల్సింది చెబుతాను. విజ్‌ట్రీ అని చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేసి డిస్క్ మొత్తం చూపించమను. ఏ ఫోల్డర్ ఎంత తింటోందో క్షణాల్లో తేలిపోతుంది. ప్రీమియర్ మీడియా క్యాష్ ఎక్కడో యూజర్ ఫోల్డర్ లోపల, యాప్‌డేటాలో దాక్కుని ఉంటుంది. నీలాగా సీజనంతా పెళ్ళిళ్ళు చేసినవాళ్ళకి అది పదుల జీబీలు ఉంటుంది. ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్ అని ఉంటుంది, అక్కడి నుంచే తీసెయ్యి. పాత ఫైళ్ళు వాటంతటవే పోయే ఏర్పాటూ అక్కడే ఉంది, అది ఆన్ చెయ్యి. తర్వాత పాత ప్రాజెక్టుల ప్రివ్యూ ఫైళ్ళు. ఇవన్నీ మళ్ళీ పుట్టేవే, కాకపోతే పాత ప్రాజెక్టు తెరిచినప్పుడు కాసేపు ఆగాలి. ఆటో సేవ్ ఫోల్డర్‌ని మాత్రం ముట్టుకోకు. అందులో ఉండేవి ప్రాజెక్టు ఫైళ్ళు, నాలుగు రాత్రుల నీ కష్టం కొద్ది మెగాబైట్లలో ఇమిడి ఉంటుంది.

ఇంకోటి, ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి వాడుకునే చిన్న సైజు కాపీలు, చేసుకోవడం అలవాటు చేసుకో. అసలు ఫుటేజీ బయటి డ్రైవ్‌లో ఉంచి, సెకనుకి 10 మెగాబిట్ల ప్రాక్సీలు లోపల పెట్టుకుంటే, ఆ 360 జీబీ పెళ్ళి 36 జీబీలో పట్టేస్తుంది. కట్టింగంతా వాటి మీదే చేసి, ఎక్స్‌పోర్ట్ అప్పుడు మాత్రం అసలు డ్రైవ్ తగిలించు. అయితే ఫార్మాట్ చూసుకో. ఎవరో యూట్యూబ్‌లో చెప్పారని ప్రోరెస్ 422 హెచ్‌క్యూలోకి మార్చావంటే 4కే ఫుటేజీ గంటకి 330 జీబీ దాటుతుంది, అసలుకన్నా కొసరే ఏడింతలు.

ఇక వర్చువల్ మెషిన్లు. నీకు అసలు తెలియకుండా జాగా పోతున్నది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. కాలీ ఆగిపోవడం కాలీ తప్పు కాదు. అసలు డిస్క్‌లో చోటు అయిపోతే వర్చువల్‌బాక్స్ ఆ మెషిన్‌ని ఉన్నపళాన నిలిపేస్తుంది, లోపలి డేటా చెడిపోకుండా. నువ్వు డిస్క్ పెట్టేటప్పుడు డైనమిక్ అని ఎంచుకుని ఉంటావు. అది వాడేకొద్దీ పెరుగుతుంది. పెరగడమే తప్ప తగ్గడం దానికి తెలియదు. లోపల నువ్వు ఇరవై జీబీ ఫైళ్ళు తీసేసినా, బయట విండోస్‌కి ఆ ఫైలు అంతే లావుగా కనిపిస్తుంది. లోపల ఖాళీ అయిన చోట పాత డేటా అలాగే ఉంటుంది, బయటున్న వర్చువల్‌బాక్స్‌కి అది ఖాళీ అని ఎలా తెలుస్తుంది? ఆ చోటంతా సున్నాలతో నింపితేనే తెలుస్తుంది. ఆ తర్వాత కాంపాక్ట్ చేస్తే ఫైలు చిక్కిపోతుంది.

సున్నాలు నింపడానికి డీడీ కమాండు వాడమని చాలామంది చెబుతారు. నీ పరిస్థితిలో అది వాడకు. అది ఖాళీ జాగానంతా రాసుకుంటూ పోతుంది కాబట్టి, డైనమిక్ డిస్క్ ముందు తన పూర్తి సైజుకి ఉబ్బుతుంది. నువ్వు 80 జీబీ అని పెట్టి ఉంటే 80కీ వెళుతుంది. బయట అంత చోటు లేక మధ్యలో మళ్ళీ ఆగిపోతుంది. దాని బదులు జీరోఫ్రీ అని ఉంది. ఇదివరకే సున్నాలు ఉన్న చోటు ముట్టుకోదు, కాబట్టి డిస్క్ ఉబ్బదు. రికవరీ మోడ్‌లో బూట్ చేసి, డిస్క్‌ని రీడ్ ఓన్లీగా పెట్టి నడపాలి. కమాండ్లు అక్షరం పొల్లు పోకుండా వాట్సాప్‌లో పంపుతాను, చూసి కొట్టు.

దానికన్నా ముందు స్నాప్‌షాట్లు. ప్రతి ల్యాబ్‌కి ముందూ ఒకటి తీశానన్నావు, మంచి అలవాటే. కానీ స్నాప్‌షాట్ తీసిన దగ్గర నుంచి మార్పులన్నీ వేరే ఫైల్లోకి వెళ్తాయి, అలా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఉన్నవన్నీ తీసెయ్యి, కాంపాక్ట్ అయ్యాక కొత్తగా ఒకటి తీసుకో చాలు. తీసేటప్పుడు అది ఫైళ్ళని కలుపుతుంది, ఆ కలపడానికి కూడా తాత్కాలికంగా చోటు కావాలి. అందుకే క్యాష్ ముందు తీయమన్నాను. క్యాష్, స్నాప్‌షాట్లు, జీరోఫ్రీ, కాంపాక్ట్, ఈ వరస తప్పకు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోకి వెళ్ళి స్నాప్‌షాట్ ఫైళ్ళని చేత్తో డిలీట్ చేశావా, మెషిన్ మొత్తం పోతుంది.

పోయిన సెమిస్టర్ హడూప్ మెషిన్ ఇంకా ఉంచుకున్నావు కదా. దాన్ని ఓవీఏగా ఎక్స్‌పోర్ట్ చేసి బయటి హార్డ్ డిస్క్‌లో పడెయ్యి, తర్వాత ఇక్కడ తీసెయ్యి. ఇకముందు పెట్టే మెషిన్లకి డెస్క్‌టాప్ అవసరం లేకపోతే ఉబుంటు సర్వర్ వేసుకో, చాలా తక్కువలో సరిపోతుంది. లినక్స్ కమాండ్లు ప్రాక్టీసు చేసుకోవడానికైతే డబ్ల్యూఎస్ఎల్ చాలు. అది కూడా పెరిగే డిస్కే, దాన్నీ అప్పుడప్పుడు కాంపాక్ట్ చెయ్యాలి.

కార్డు దింపుకునేటప్పుడు ఏం చెయ్యాలో కూడా చెప్పనీ. స్టూడియోవాళ్ళ సోనీ కెమెరా కార్డులో ప్రైవేట్ అని ఫోల్డర్, దాని లోపల ఎం4రూట్, దాని లోపల క్లిప్ ఉంటాయి. చాలామంది క్లిప్‌లోంచి వీడియోలు మాత్రం లాగేసుకుంటారు. నువ్వు పై నుంచి మొత్తం ఫోల్డర్ కాపీ చెయ్యి. పేరు తేదీతో మొదలుపెట్టు, తర్వాత ఊరు, తర్వాత కెమెరా ఒకటా రెండా. కాపీ అయ్యాక రెండు వైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ళ సంఖ్య, బైట్లు కలిశాయో లేదో చూడు. చివరి క్లిప్ తెరిచి చివరిదాకా ఆడించు. కాపీ మధ్యలో తెగితే చెడేది ఎక్కువగా చివరిదే. రెండు చోట్ల కాపీ పడేదాకా కార్డు ఫార్మాట్ చెయ్యనివ్వకు, కెమెరామన్ ఎంత తొందరపెట్టినా సరే. ముహూర్తాల రోజుల్లో తెల్లారేసరికి ఇంకో పెళ్ళి ఉంటుందని నాకూ తెలుసు. ఇంకో కార్డు కొనుక్కోమని చెప్పు.

రెండు చోట్లంటే ఒకే బ్యాగులో రెండు డ్రైవ్‌లు కాదు. ఒకటి ఇంట్లో, ఒకటి ద్వారపూడిలో అమ్మమ్మ ఇంట్లో. 1996 నవంబరు తుఫానులో కోనసీమలో పెళ్ళి ఆల్బమ్‌లు ఎన్ని తడిసి ముద్దయ్యాయో మీ నాన్నని అడుగు. ఇంకో సంగతి చెబుతాను. యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ వాళ్ళు 1998లో టాయ్ స్టోరీ 2 తీస్తుండగా ఒక తప్పుడు కమాండుతో సినిమాలో చాలా భాగం డిలీట్ అయిపోయింది, బ్యాకప్ చూస్తే సరిగ్గా పనిచెయ్యలేదు. పసిబిడ్డతో ఇంట్లో ఉండి పనిచేసుకుంటున్న గాలిన్ సుస్మన్ అనే ఆవిడ దగ్గర ఇంటి కంప్యూటర్లో కాపీ ఉండబట్టి బయటపడ్డారు. బ్యాకప్ తీసుకున్నాం అనుకుంటే సరిపోదు, అప్పుడప్పుడు తెరిచి చూడాలి.

నిలవకి మామూలు హార్డ్ డిస్క్ మంచిది. ఎస్ఎస్‌డీని కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి బీరువాలో ఉంచితే లోపలి డేటా నెమ్మదిగా చెడుతుంది, కాబట్టి దాన్ని పనికే వాడు. హార్డ్ డిస్క్ మీద వర్చువల్ మెషిన్ నడపకు, పరమ నెమ్మది. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు. పెన్ డ్రైవ్‌లు కొన్ని ఫ్యాట్32లో వస్తాయి, 4 జీబీ దాటిన ఫైలు అందులో పడదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకో. డ్రైవ్ ఏదైనా, నీలం రంగు యూఎస్‌బీ పోర్టు ఉంటే అందులోనే తగిలించు.

డబ్బు సంగతి నువ్వు రాయలేదు కానీ నాకు తెలుసు. హార్డ్ డిస్క్‌లు నీ జేబులోంచి కొనకు. స్టూడియో ఓనరు గారితో మర్యాదగా మాట్లాడు, ప్రతి పెళ్ళి బిల్లులోనూ డేటా దాచడానికని కొంత వేసుకోమను. ఎన్నాళ్ళు దాస్తారో కాగితం మీద రాసి పెళ్ళివాళ్ళకి ఇవ్వమను. ఆ గడువు అయ్యాక వాళ్ళకి ఫోన్ చేసి, కావాలంటే డ్రైవ్ తెచ్చుకుని కాపీ చేయించుకోమని అడిగి, అప్పుడు తీసెయ్యండి. ఆయన ఒప్పుకోకపోతే నాకు చెప్పు, నేను మాట్లాడతాను.

ల్యాప్‌టాప్ లోపల రెండో ఎం.2 స్లాట్ ఉందేమో చూడాలి, చాలా మోడళ్ళలో ఉంటుంది. ఉంటే ఇంకో 1 టీబీ వేయిద్దాం, వర్చువల్ మెషిన్లన్నీ అందులోకి వెళ్ళిపోతాయి, ఆ ఖర్చు నాది. విప్పబోకు, వారంటీ ఉంది. అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది, ఫోటో తీసి పంపు. విజ్‌ట్రీ స్క్రీన్ కూడా పంపు. రేపు ఉదయం తొమ్మిదికి ఫోన్ చేస్తాను, అప్పటికి క్యాష్ తీసేసి ఉంచు. స్నాప్‌షాట్లు ఇద్దరం కలిసి చూద్దాం.

మీ అత్త