బోర్డు చదివినం, ఇక లెక్క అడుగుదాం

గొల్లపల్లిలో బస్సు ఆగే చోట నలుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒకామె ముసలవ్వ. ఆమె వెంట కోడలు ఉంది. మిగతా ఇద్దరు బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్ళు. అందరూ జగిత్యాల పోవాలి.

అవ్వ ఇదివరకు బస్సు వస్తే పక్కవాళ్ళను అడిగేది. "బిడ్డా, గీ బస్సు ఎటు పోతది?" అనేది. ఇప్పుడు అడగదు. ఆమె చదువు నేర్చుకుంది. బస్సు దగ్గరికి రాగానే బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుంటుంది. "జ...గి...త్యా...ల" అని పైకి చదువుతుంది. చదివినప్పుడల్లా ఆమె ముఖం వెలుగుతుంది.

బస్సు వచ్చింది. లోపల కాలు పెట్టే జాగ లేదు. మెట్ల మీద కూడా మనుషులే. చెల్లె ఎక్కబోయింది. అవ్వ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"వద్దు బిడ్డా. ఎనుక బస్సుకు పోదాం. కొండగట్టు యాదికి లేదా?"

ఆ మాట వినగానే నలుగురూ గమ్మునైపోయారు. బస్సు వెళ్ళిపోయింది.

కొండగట్టులో ఏం జరిగింది?

కొండగట్టు జగిత్యాల జిల్లాలోనే ఉంది. అక్కడి ఆంజనేయస్వామి గుడి అందరికీ తెలుసు. గుడి గుట్ట మీద ఉంటుంది. గుట్ట ఎక్కి దిగే మలుపుల దారిని ఘాటు రోడ్డు అంటారు.

అది 2018 సెప్టెంబరు 11, మంగళవారం. కొడిమ్యాల మండలం శనివారంపేట నుంచి ఆర్టీసీ బస్సు జగిత్యాలకు బయలుదేరింది. దారిలో ఊరూరా జనం ఎక్కారు. చివరికి బస్సులో వందమందికి పైగా అయ్యారు. పట్టాల్సినవాళ్ళకు అది దాదాపు రెండింతలు.

ఘాటు రోడ్డు దిగుతుండగా బస్సు అదుపు తప్పింది. లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. పసిపిల్లలూ ఉన్నారు. బస్సు నడిపిన డ్రైవరు కూడా చనిపోయాడు. ఒకరి మీద ఒకరు పడి, ఊపిరాడక చనిపోయినవాళ్ళు చాలామంది.

ఎందుకు ఇట్లా అయింది? బ్రేకులు పడలేదని కొందరు అన్నారు. జనం ఎక్కువయ్యారని కొందరు అన్నారు. బస్సు బాగా పాతదని, పది లక్షల కిలోమీటర్లకు మించి తిరిగిందని పత్రికల్లో వచ్చింది. అంత పెద్ద మలుపుల దారిలో అంత బరువుతో బస్సు ఎందుకు నడిచిందని అందరూ అడిగారు.

ఆ తరువాత ప్రభుత్వం చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల చొప్పున ఇస్తామని ప్రకటించింది. ఆర్టీసీ మరో 3 లక్షలు ప్రకటించింది. డిపో మేనేజరును సస్పెండు చేశారు. విచారణకు ఆదేశించారు.

ఇవన్నీ ప్రాణాలు పోయిన తరువాత జరిగినవి. తల్లి పోయిన పిల్లకు పైసలతో తల్లి తిరిగి రాదు. అందుకే ముందుగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

బీడీల లెక్క, సర్కారు లెక్క

గొల్లపల్లిలో కోడలు అన్నది: "మనం అడిగితే ఎవలు చెప్తరు అత్తా? మనం ఏం చదువుకున్నోళ్ళం? ఏం పెద్దోళ్ళం?"

బీడీల అక్క నవ్వింది. "నువ్వు బీడీలు చుడుతవు గద వదినె. ఆకు తక్కువ పెడితే ఊకుంటవా?"

"ఎందుకు ఊకుంట? అడుగుత."

"తంబాకు తక్కువ తూకమిస్తే?"

"మళ్ళ తూకమెయ్యుమంట."

"బీడీలు బాగలేవని తీసి పారేస్తే?"

"నా కండ్ల ముందట లెక్కపెట్టుమంట. ఎన్ని తీసిండ్రో చూస్త."

"మరి సర్కారు లెక్క ఎందుకు అడుగొద్దు? గదీ మన కష్టమే."

అక్క చెప్పింది నిజం. ప్రభుత్వం దగ్గర ఉన్న డబ్బు ప్రజల డబ్బు. సబ్బు కొంటే పన్ను కడతాం. నూనె కొంటే పన్ను కడతాం. సెల్‌ఫోనులో పైసలు వేసుకుంటే పన్ను కడతాం. ఆ పన్నులతోనే రోడ్లు వేస్తారు. ఆ పన్నులతోనే ఉద్యోగులకు జీతాలు ఇస్తారు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. వాళ్ళకు జీరో టికెట్టు ఇస్తున్నారు. టికెట్టు మీద సున్నా ఉంటుంది. కానీ ఆ ప్రయాణానికి ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు ప్రభుత్వం ఆర్టీసీకి ఇవ్వాలి. అంటే అదీ మన పన్నుల డబ్బే. "పుణ్యానికి ఎక్కుతున్నరు, ఎట్లున్నా సర్దుకోండ్రి" అని ఎవరైనా అంటే తలవంచుకోవద్దు. టికెట్టు సున్నా అయినా ప్రాణం విలువ సున్నా కాదు.

మూడు ప్రశ్నలు

ఏ సర్కారు శాఖనైనా మూడు ప్రశ్నలు అడగవచ్చు.

మొదటి ప్రశ్న: పైసలు ఎన్ని వచ్చాయి? దేనికి ఖర్చు చేశారు? బస్సు రిపేరుకు ఎంత పెట్టారు? ఊరి రోడ్డుకు ఎంత పెట్టారు? బడి మరుగుదొడ్డికి ఎంత పెట్టారు?

రెండో ప్రశ్న: మనుషులు ఎంతమంది ఉండాలి? ఎంతమంది ఉన్నారు? డిపోలో డ్రైవర్లు, మెకానిక్కులు సరిపోను ఉన్నారా? దవాఖానలో నర్సు ఉందా? బడిలో అన్ని తరగతులకు పంతుళ్ళు ఉన్నారా? మనుషులు తక్కువైతే ఉన్నవాళ్ళ మీద బరువు పడుతుంది. అలసిన చేయి తప్పు చేస్తుంది. 2019 అక్టోబరు 5 నుంచి తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 50 రోజులకు పైగా సమ్మె చేశారు. ఖాళీ ఉద్యోగాలు నింపాలని వాళ్ళు అడిగిన కోరికల్లో ఒకటి. అంటే బస్సు నడిపేవాళ్ళు అడిగినదీ, బస్సు ఎక్కేవాళ్ళు అడగాల్సినదీ ఒకటే.

మూడో ప్రశ్న: ప్రాణాలకు భద్రత ఏమిటి? బస్సును ఎప్పుడు పరీక్ష చేశారు? కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటే ఎవరు సరిచేయాలి? మూత లేని బావికి మూత ఎవరు వేయాలి? ఆ పని ఎవరిదో పేరు, హోదా తెలియాలి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. డ్రైవరుతో, కండక్టరుతో కొట్లాడితే లాభం లేదు. వాళ్ళూ మనవంటి కష్టజీవులే. పైనుంచి ఏ బస్సు ఇస్తే ఆ బస్సే నడుపుతారు. ప్రశ్న ఆఫీసుకు పోవాలి. నోటి మాటగా కాదు, కాగితం మీద పోవాలి.

అడిగే హక్కు ఎట్లా వచ్చింది?

రాజస్థాన్‌లో పల్లె కూలీలు కరువు పనులకు పోయేవారు. చేసిన పనికి పూర్తి కూలి రాలేదు. కాగితాల్లో మాత్రం ఇచ్చినట్టు రాసి ఉండేది. అప్పుడు కూలీలు ఒక్కటై, "మా పైసలు, మా లెక్క" అన్నారు. 1994లో కోట్ కిరానా అనే ఊళ్ళో జనం ముందర లెక్కలు చదివించారు. చనిపోయినవాళ్ళ పేర్లు, ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు బయటపడ్డాయి. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. అందులో ఆడవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. చాలామందికి చదువు రాదు. అయినా లెక్క అడిగారు.

ఇట్లాంటి పోరాటాల వల్ల 2005లో దేశమంతటికీ సమాచార హక్కు చట్టం వచ్చింది. ఉపాధి హామీ పనులు 2006లో మొదలైనప్పుడు మొదటి విడత జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. అప్పుడు గొల్లపల్లి, జగిత్యాల ఆ జిల్లాలోనే ఉండేవి. ఆ పనుల మీద ఊళ్ళల్లో సామాజిక తనిఖీలు జరిగాయి. కూలీల ముందర మస్టర్లు చదివారు. తిన్న సొమ్ము కొన్ని చోట్ల కక్కించారు కూడా.

ఎట్లా అడగాలి?

తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. ఎందుకు అడుగుతున్నామో చెప్పాల్సిన పని లేదు. రాయడం రానివాళ్ళు నోటితో చెబితే, ఆఫీసులోని సమాచార అధికారి రాసుకోవడానికి సాయం చేయాలి. ఇది చట్టంలోనే ఉంది.

ఊరి స్థాయి ఆఫీసులో అడిగితే ఫీజు లేదు. మండల ఆఫీసులో 5 రూపాయలు. ఆ పై ఆఫీసుల్లో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళు ఆ రుజువు జతచేస్తే ఫీజు కట్టనక్కర లేదు.

ఆ రోజు రాత్రి మహిళా సంఘం మీటింగులో అక్క కాగితం, పెన్ను తీసుకుంది. అందరూ తలా ఒక మాట చెప్పారు. ఆమె ఇట్లా రాసింది:

పౌర సమాచార అధికారి గారికి,
ఆర్టీసీ డిపో, జగిత్యాల.

అయ్యా,

సమాచార హక్కు చట్టం 2005 కింద మాకు ఈ సమాచారం ఇవ్వగలరు.

1. గొల్లపల్లి నుంచి జగిత్యాలకు రోజుకు ఎన్ని బస్సులు నడుస్తున్నాయి? ఏ ఏ సమయాల్లో?
2. ఆ బస్సులు ఎన్ని సంవత్సరాల నాటివి? ఒక్కొక్కటి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?
3. ఒక్కొక్క బస్సుకు ఫిట్‌నెస్ పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది? ఆ కాగితాల నకళ్ళు ఇవ్వండి.
4. డిపోలో డ్రైవరు, కండక్టరు, మెకానిక్కు ఉద్యోగాలు ఎన్ని? ఎన్ని ఖాళీగా ఉన్నాయి?
5. పోయిన సంవత్సరం బస్సుల రిపేర్లకు ఎంత ఖర్చు చేశారు?

10 రూపాయల ఫీజు జతచేశాము.

తేదీ: ..........
సంతకం: ..........
చిరునామా: ..........

రాసినాక అక్క మొదటినుంచి చదివి వినిపించింది. చెల్లె ఒక తప్పు దిద్దింది. "ఇంకో కాగితం మీద ఇదే రాసి మన దగ్గర పెట్టుకుందాం" అన్నది కోడలు. అది మంచి ఆలోచన. నకలు మన దగ్గర ఉండాలి. ఆఫీసులో ఇస్తే ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి. పోస్టులో పంపితే రిజిస్టరు చేసి, రసీదు దాచుకోవాలి.

జవాబు రాకపోతే?

అడిగిన నాటినుంచి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారం అయితే 48 గంటల్లో ఇవ్వాలి. ఆ సమాచారం వేరే ఆఫీసులో ఉంటే, కాగితాన్ని వాళ్ళే 5 రోజుల్లో అక్కడికి పంపాలి. "ఇది మా పని కాదు పో" అనడానికి లేదు.

జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగా లేకపోతే, 30 రోజుల్లో ఆ పై అధికారికి అప్పీలు చేయాలి. అక్కడా న్యాయం కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషనుకు రాయాలి. సరైన కారణం లేకుండా సమాచారం ఇవ్వని అధికారికి కమిషను రోజుకు 250 రూపాయల చొప్పున జరిమానా వేయవచ్చు. అది 25,000 రూపాయల దాకా పోవచ్చు.

ఊరి పనుల సంగతి అడగడానికి గ్రామసభ ఉంది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ పెట్టాలి. అక్కడ పంచాయతీ లెక్కలు అడగవచ్చు. ఒక్కరు లేచి అడిగితే నోరు మూయిస్తారేమో. సంఘంలో పదిమంది కలిసి పోతే వింటారు. అడిగిన మాట తీర్మానాల పుస్తకంలో రాయించాలి. రాసింది చదివాకే సంతకం పెట్టాలి.

అవ్వ సంతకం

సంఘంలో కాగితం అందరి చేతులూ తిరిగింది. చివరికి అవ్వ దగ్గరికి వచ్చింది. ఎవరో అలవాటుగా ఇంకు డబ్బా ముందుకు జరిపారు.

అవ్వ దాన్ని పక్కకు నెట్టింది. "పెన్ను తే" అన్నది.

ఆమె చెయ్యి కొంచెం వణికింది. అక్షరాలు వంకర పోయాయి. కానీ పేరు పూర్తిగా రాసింది. తరువాత కోడలును అడిగింది.

"ఇయ్యాల్టి నుంచి ముప్పై దినాలంటే ఏ తారీఖు అయితది?"

కోడలు లెక్కపెట్టి చెప్పింది. అవ్వ ఇంటికి పోయి, గోడ మీది క్యాలెండరులో ఆ తారీఖు వెతికింది. దాని చుట్టూ గీత గీసింది. ఆ రోజు దాకా ఎదురుచూస్తుంది. జవాబు రాకపోతే రెండో కాగితం రాయడానికి పెన్ను అక్కడే పెట్టుకుంది.

కొత్త మాటలు

లెక్క చెప్పడం: తీసుకున్న డబ్బు ఎట్లా ఖర్చయిందో అందరికీ చూపడం
సమాచార హక్కు: సర్కారు కాగితాల్లో ఉన్న సంగతి తెలుసుకునే హక్కు
అప్పీలు: కింది ఆఫీసులో న్యాయం కాకపోతే పై ఆఫీసులో మళ్ళీ అడగడం
నకలు: ఉన్నది ఉన్నట్టు తీసిన ఇంకో కాగితం
ఖాళీ: నింపని ఉద్యోగం

మాట్లాడుకుందాం

1. కొండగట్టు ప్రమాదానికి ముందు ఏ ఏ ప్రశ్నలు అడిగి ఉంటే బాగుండేది?
2. మీ ఊళ్ళో ప్రాణాలకు ముప్పు తెచ్చేవి ఏమున్నాయి? వాటిని సరిచేయడం ఏ ఆఫీసు పని?
3. మీ బడిలో, మీ దవాఖానలో ఎంతమంది ఉండాలి? ఎంతమంది ఉన్నారు?

చేద్దాం

సంఘంలో కూర్చుని మీ ఊరికి కావలసిన ఒక ప్రశ్న ఎంచుకోండి. పైన ఉన్న ఉత్తరం చూసి మీ చేతితో రాయండి. తేదీ వేయండి. మీ పేరు మీరే రాయండి.