రిఫరెన్స్ నంబరు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఆండిపట్టి

మేనల్లుడికి,

కొత్త జీతంతో సెకండ్ హ్యాండ్ రోలెక్స్ డేట్‌జస్ట్ కొనాలని ఉందని రాశావు. సంతోషం. ఆండిపట్టివాళ్లకు వాచీ మోజు కొత్తదేం కాదు. 1984లో ఇక్కణ్ణుంచి శాసనసభకు గెలిచిన ఎం.జి.ఆర్.ను చేతికి వాచీ లేకుండా ఎవరూ ఊహించుకోలేరు. చెన్నై మెరీనాలో ఆయన సమాధికి చెవి ఆనించి, లోపల ఆయన వాచీ ఇంకా ఆడుతోందని నమ్మేవాళ్లు ఎందరో. అయితే ఇష్టం ముదిరినవాడు నంబరు చూడడు. అమ్మేవాడికి కావలసింది అదే.

వాచీకి రెండు నంబర్లుంటాయి. రిఫరెన్స్ నంబరు మోడల్‌ది, అదే నంబరుతో వేల వాచీలు ఉండొచ్చు. సీరియల్ నంబరు ఆ ఒక్క వాచీదే. పాత రోలెక్స్‌కు చైను ఊడదీస్తే, 12 అంకె వైపు చైను బిగించే కొమ్ముల నడుమ రిఫరెన్స్, 6 వైపు సీరియల్ చెక్కి ఉంటాయి. తర్వాత సీరియల్‌ను అద్దం కింద డయల్ చుట్టూ ఉండే రింగు మీదికి మార్చారు.

ఉదాహరణకు డేట్‌జస్ట్ 126233 తీసుకో. 1262 అంటే 36 మిల్లీమీటర్ల కేసు, 1263 అయితే 41. ఐదో అంకె 3 అంటే గాట్లున్న బెజెల్ (అద్దం చుట్టూ ఉండే అంచు), 0 అయితే నున్నటిది. చివరి అంకె లోహం: 0 స్టీలు, 3 స్టీలుతో పసుపు బంగారం, 4 స్టీలుతో తెల్ల బంగారం. కాబట్టి 126200 అని చెప్పి గాట్ల బెజెల్ వాచీ చూపిస్తే, ఆ బెజెల్ తర్వాత ఎవరో మార్చిందే.

ఒమేగా స్పీడ్‌మాస్టర్‌లో 310.30.42.50.01.001కీ, 002తో ముగిసేదానికీ ముఖ్యమైన తేడా అద్దమే: మొదటిదానికి ప్లాస్టిక్ జాతి అద్దం, రెండోదానికి సఫైర్. పటెక్ ఫిలిప్ 5711/1ఎ-010లో ఎ అంటే స్టీలు, చివరి 010 నీలం డయల్. ఆ తోక 018 అయితే టిఫనీ పేరున్న లేత నీలం డయల్. 2021 డిసెంబరులో న్యూయార్క్ ఫిలిప్స్ వేలంలో అలాంటిదొకటి 65 లక్షల డాలర్లు పలికింది.

కానీ పాత వాచీల్లో నంబరు చెప్పనివీ ఉంటాయి. నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా రిఫరెన్స్ 6239. 2017లో దానికి కోటీ 77 లక్షల డాలర్లు పెట్టారు. ఆయన పేరుతోనే పిలిచే ఆ అరుదైన డయల్‌కూ, మామూలు డయల్‌కూ కేసు మీద ఉండేది అదే 6239. డయల్ మార్చినా నంబరు మారదు గనక, మోసం అక్కడే జరుగుతుంది. మన హెచ్.ఎం.టి. జనతానే చూడు. కంపెనీ ఎన్నడూ వేయని రంగుల్లో డయల్స్ వేసి, పాత మెషీన్ బిగించి బజారులో అమ్ముతున్నారు. తాతల చేతికున్న వాచీకే ఇన్ని వేషాలు వేస్తే, రోలెక్స్‌ను వదులుతారా?

నకిలీవాడికి నంబరు చెక్కడం కష్టం కాదు. అందుకే నంబరు సరిపోగానే డబ్బు తీయకు. వారంటీ కార్డు మీది రెండు నంబర్లూ కేసు మీదివాటితో కలవాలి. అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్ చేత వెనక మూత తీయించి, మెషీన్ పరీక్ష చేయించు. చైను ఊడదీయమంటే సణిగేవాడి దగ్గర అసలు కొనవద్దు. అన్నీ కుదిరాక, బిల్లు మీద రిఫరెన్స్, సీరియల్ రెండూ రాయించుకో.

ఇట్లు,
మామ