గంగమ్మకి గడ్డం ఎందుకుంది?

సెలవులకి ఆలమూరు వెళ్లినప్పుడు మా మామ్మకి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాను. "ఇది గంగ, మామ్మా. రోమ్ నగరంలో ఉంది" అన్నాను. మామ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "గంగమ్మకి గెడ్డం ఏంట్రా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

నగరం నడిబొడ్డున పాత ఫౌంటెన్ అంటే మనకి హైదరాబాద్‌లో గుల్జార్ హౌజ్ ఉంది. చార్మినార్‌కి ఉత్తరాన, నాలుగు కమాన్ల మధ్యలో ఉంటుంది. రోమ్‌లో పియాజా నవోనా అనే కూడలిలో ఉన్నది నాలుగు నదుల ఫౌంటెన్. పోప్ పదో ఇన్నోసెంట్ కోసం బెర్నీనీ అనే శిల్పి దాన్ని రూపొందించాడు. 1651లో పూర్తయింది. రాతి గుట్ట చుట్టూ నాలుగు పెద్ద విగ్రహాలు, నడుమ పొడవాటి రాతి స్తంభం. ఒక్కో విగ్రహం ఒక్కో ఖండంలోని నది. యూరప్‌కి డాన్యూబ్, ఆఫ్రికాకి నైలు, అమెరికాకి రియో డి లా ప్లాటా, ఆసియాకి మన గంగ.

ఇక గడ్డం సంగతి. మనకి నది అంటే తల్లి. పాత గ్రీకు, రోమన్ శిల్పాల్లో మాత్రం నది ఎక్కువగా గడ్డమున్న మగ దేవుడు. ఆ అలవాటే గంగకీ వచ్చింది. చేతిలో తెడ్డు కూడా ఉంటుంది, పడవలు తిరిగే నది అని చెప్పడానికి.

నైలు తల మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఎదురుగా ఉన్న చర్చి బెర్నీనీ పోటీదారు బొర్రోమీనీ కట్టింది కాబట్టి, అది చూడలేక ముఖం కప్పుకుందని ఒక కథ. తేదీలు చెక్ చేస్తే ఈ కథలో బగ్ దొరుకుతుంది. చర్చి పని మొదలైందే 1652లో, ఫౌంటెన్ పూర్తయ్యాక. నైలు ఎక్కడ పుట్టిందో అప్పటికి యూరప్ వాళ్లకి తేలలేదు, ఆ గుడ్డకి అర్థం అదీ.

ఇదంతా మామ్మకి చెప్పాను. ఒబెలిస్క్‌ని తెలుగులో ఏమంటారో తెలీక "కొస తేలిన రాతి స్తంభం" అని సర్దుకున్నాను. అంతా విని, "బానే ఉంది. మరి మన గోదారి ఎక్కడ పుట్టిందో చెప్పు" అంది.

ఊరొచ్చిన ప్రతిసారీ జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటే వస్తాను. అయినా చెప్పలేకపోయాను. మామ్మే చెప్పింది, నాసిక్ దగ్గర త్రయంబకంలో అని. అక్కణ్ణుంచి సముద్రం దాకా 1,465 కిలోమీటర్లు. ఈ అంకె మాత్రం నేను వెతికి మామ్మకి చెప్పాను.

గోదారికి ఎవరైనా విగ్రహం చెక్కితే, నా వరకు దాని ముఖం మీద కూడా మొన్నటిదాకా గుడ్డ ఉన్నట్టే. మీ ఊరి నది ఎక్కడ పుట్టిందో ఈసారి ఇంటికెళ్లినప్పుడు అడిగి చూడండి.