చెరనుండి ఇంటికి త్రోవ

పాఠ్యభాగములు: ఫిలేమోను 10–19, కొలొస్సయులకు 4:7–9, సామెతలు 1:10–15

చెరసాలనుండి విడుదలైనవానికి మొదట ఎదురువచ్చునది ఎవరు? ఇంటివారా, పాత జతగాండ్రా? అతడు మరల నేరములో పడుట చాలవరకు దీనిమీదనే ఆధారపడియున్నది. సామెతలలోని తండ్రి హెచ్చరించిన ఆ దుష్టులు కుమారుని బెదిరింపరు, పిలుతురు. దొరికినదానిలో పాలు ఇచ్చెదమందురు. ఒంటరివానికి అట్టి పిలుపు ప్రేమవలెనే వినబడును.

బాపట్ల, చీరాలల మధ్య రైలుమార్గముననున్న స్టూవర్టుపురమును మనమెరుగుదుము. 1911 నాటి నేరస్థ జాతుల చట్టము క్రింద ఎరుకలవారిని అక్కడ చేర్చి, రక్షణ సైన్యమువారికి అప్పగించిరి. మద్రాసు ప్రభుత్వములోని హెరాల్డ్ స్టూవర్టు దొర పేరు ఆ ఊరికి పెట్టిరి. పొలము, బడి, కూలిపని చూపిరి, అది మేలే. గాని నేరము చేయనివానిని సహితము చేసినవానితో ఒకే పట్టీలో వ్రాసి, హాజరు వేయించి, చీటి లేనిదే ఊరు దాటనీయరైరి. బిడ్డలను తలిదండ్రులనుండి వేరుచేయుటకును ఆ చట్టము అధికారమిచ్చెను. నిలుపవలసిన బంధమును తెంచి, తెంచవలసిన సహవాసమును ఒక్కచోట కూర్చిరన్నమాట. ఇందులో మిషనులకు పాలున్నదని దాచనక్కరలేదు.

1952లో చట్టము రద్దయ్యెను. ఊరిమీది నింద రద్దుకాలేదు. 1970ల దశకమున కవి జాషువాగారి కుమార్తె హేమలతగారు, భర్త లవణముగారితో కలిసి ఆ ఇండ్లకు వెళ్లి, నేరము విడుచువారి బ్రదుకుతెరువు కొరకు పాటుపడిరి. వారు నాస్తికులు. ఇది మనము ఆలోచింపదగిన సంగతి.

అమెరికాలోని బోస్టనులో బాల్యమున నేరములు చేసిన 500 మంది జీవితములను శాంప్సన్, లాబ్ అను పండితులు మరల పరిశీలించి 1993లో గ్రంథము ప్రకటించిరి. మంచి దాంపత్యము, నిలకడైన పని దొరికినవారే ఎక్కువగా నేరము విడిచిరట. పెండ్లి మంత్రమేమియు కాదు. సాయంకాలము ఇంటికి చేరవలసినవానికి పాత గుంపుతో తిరుగు తీరిక తక్కువ, అంతే.

ఇప్పుడు ఒనేసిమును చూడుడు. పౌలు అతనిని ఒంటరిగా పంపలేదు, తుకికును తోడిచ్చెను. దాసునిగా కాదు, సహోదరునిగా చేర్చుకొనుమనెను. నష్టమేదైన ఉన్నయెడల తానే తీర్తునని స్వహస్తముతో వ్రాసెను. జామీను లేని క్షమాపణ అతడెరుగడు.

ఈ నెల కూడికలో చర్చింపుడు: మన సంఘమువాడొకడు చెరనుండి వచ్చినయెడల, మిరప కల్లములో రాత్రి కావలి అతనికి అప్పగించు రైతు ఎవరు? బస్తా పోయినయెడల నేనిచ్చుకొందునని సంతకము చేయు పెద్ద ఎవరు?