అద్దె కోసం ఇల్లు కొనేముందు



గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కష్టపడి కూడబెట్టుకుని వచ్చిన మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "నౌపడలో ఒక ఇల్లు కొని అద్దెకిస్తే ఎలా ఉంటుంది?" 2023 ఏప్రిల్ 19న మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగాక ఈ ఆలోచనకు బలం పెరిగింది. ఆ డబ్బే ఆడపిల్ల పెళ్లికీ, అమ్మానాన్నల మందులకూ ఆధారం. కనుక ఆశను కాసేపు పక్కన పెట్టి లెక్క చూద్దాం.

చేతికి మిగిలేది ఎంత?

ఉదాహరణకు ఇల్లు 20 లక్షలు అనుకుందాం. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు నూటికి ఏడున్నర చొప్పున లక్షన్నర. మొత్తం 21 లక్షల 50 వేలు. నెలకు 6 వేల అద్దె వస్తే ఏడాదికి 72 వేలు అని సంతోషిస్తాం. ఒకరు ఖాళీ చేసి మరొకరు చేరేలోగా రెండు నెలలు పోతే వచ్చేది 60 వేలే. ఇంటి పన్ను, సున్నాలు, మోటారు, మరమ్మతులకు 15 వేలు పోతే మిగిలేది 45 వేలు. అంటే ఏడాదికి నూటికి రెండు రూపాయల పైచిలుకు మాత్రమే. ఇదే ఇంటిని నూటికి తొమ్మిది వడ్డీకి తెచ్చి కొంటే? వడ్డీ మనకు ఎలాగూ హరామ్. లెక్క కూడా దాన్ని ఒప్పుకోదు.

"స్థలం ధర పెరుగుతుంది కదా" అనవచ్చు. పెరగవచ్చు. కానీ ఆ లాభం అమ్మినప్పుడే చేతికొస్తుంది. నెలనెలా మందులకు అక్కరకు రాదు.

మన ఊరి సంగతి

సముద్రపు ఉప్పు గాలికి ఇనుప చువ్వలు తొందరగా తుప్పు పడతాయి, స్లాబు పెచ్చులూడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లాలో ఎంత నష్టం చేసిందో మరువలేదు. మరమ్మతుల సొమ్ము విడిగా ఉండాల్సిందే.

1900లో పర్లాకిమిడి చిన్న రైలు మన నౌపడ నుంచే మొదలైంది. బ్రాడ్‌గేజి కోసం 2004లో ఆగిన ఆ లైను గుణుపురం దాకా తిరిగి నడిచింది 2011లో. పెద్ద పనులు మన అవసరాల కోసం తొందరపడవు. పోర్టు కట్టడానికి వచ్చినవారు పని అయ్యాక వెళ్లిపోతారు; తర్వాత వచ్చేవారు నౌపడలో ఉంటారో, టెక్కలిలో ఉంటారో ఇప్పుడే చెప్పలేం.

కాగితాలు, అమానతు

బయానా ఇచ్చేముందు ఇ.సి. తీయించి, లింకు దస్తావేజులు చూపించుకోవాలి. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. డి-పట్టా భూమికి అమ్మకంపై షరతులుంటాయి. వక్ఫ్ భూమి అసలు కొనకూడదు.

అద్దె ఒప్పందం రాతలో ఉండాలి. అద్దెదారు ఇచ్చిన అడ్వాన్సు మన ఆదాయం కాదు, అమానతు. ఖాళీ చేసిన రోజున తిరిగివ్వడానికి సిద్ధంగా ఉంచాలి.

జకాత్

అద్దెకిచ్చిన ఇంటి విలువపై జకాత్ లేదన్నది అత్యధిక ఉలమాల మాట. ఖర్చులు పోగా మిగిలిన అద్దె, ఇతర పొదుపుతో కలిసి నిసాబుకు చేరి, చాంద్రమాన సంవత్సరం నిండితే నూటికి రెండున్నర ఇవ్వాలి. లాభానికి తిరిగి అమ్మే ఉద్దేశంతోనే కొంటే అది వ్యాపార సరుకు. దాని విలువంతటిపైనా జకాత్ ఉంటుంది.

చివరిగా మూడు ప్రశ్నలు

ఆరు నెలలు ఇల్లు ఖాళీగా ఉన్నా మన ఇల్లు గడుస్తుందా? పోర్టు పనివారు వెళ్లాక ఈ ఇంట్లో ఎవరుంటారు? పెళ్లి, వైద్యం సొమ్ము విడిగా ఉంచామా? మూడింటికీ ధైర్యంగా జవాబు చెప్పగలిగితే కొందాం. ఒక్కదానికి తడబడినా ఆగుదాం. ఆగినందువల్ల పోయేది ఒక బేరమే. తొందరపడితే పోయేది ఒక జీవితకాలపు కష్టం.

అల్లాహ్ మన హలాల్ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.