గుడ్డులో గుడ్డు: రాక్షసబల్లి చెప్పిన పరిణామ పాఠం

అమీర్‌పేట, పంజగుట్ట కోచింగ్ గదుల్లో డైనోసార్ అనగానే అందరూ రాసుకునేది కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ తొలి దశకు చెందిన శాకాహారి ఇది. 1988లో దీనికి ఈ పేరు పెట్టింది పి.యాదగిరి. అస్థిపంజరం బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.

గుడ్ల కథ మాత్రం నర్మదా లోయది. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో లామెటా శిలల్లో 92 గూళ్లు, టైటనోసార్ అనే డైనోసార్ల 256 గుడ్లు గుర్తించినట్లు 2023లో ప్రకటించారు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన హర్ష ధీమన్, గుంటుపల్లి వి.ఆర్.ప్రసాద్ ఈ బృందంలో ముఖ్యులు. గూళ్లు పక్కపక్కనే ఉన్నాయి; ఈనాటి అనేక పక్షులూ అలా గుంపుగానే గుడ్లు పెడతాయి. అంతకంటే విలువైనది 2022లో వెల్లడైన గుడ్డులో గుడ్డు. పెంకు కట్టిన గుడ్డు వెనక్కి వెళ్లి మరో గుడ్డులో చిక్కుకుంటే ఇలా అవుతుంది. అప్పటివరకూ ఇది పక్షుల్లోనే తెలుసు. ఒకదాని తర్వాత ఒకటిగా గుడ్లు పెట్టే పద్ధతి టైటనోసార్లకూ ఉండి ఉండవచ్చని దీన్నిబట్టి భావిస్తున్నారు.

డైనోసార్ పిండం విషయంలో చైనాలోని గాన్‌ఝౌలో దొరికిన, 2021లో వెల్లడైన ‘బేబీ యింగ్‌లియాంగ్’ను గుర్తుంచుకోండి. కోడిపిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చే ముందు ముడుచుకున్నట్టే తల వంచి ఉంది. పక్షులు డైనోసార్ల వారసులన్న వాదానికి ఇది గట్టి బలం.

కోటాసారస్ జురాసిక్, లామెటా గుడ్లు క్రిటేషియస్: ఈ తేడా తప్పకుండా చదవండి.